కొట్నం రాత్రి పెండ్లికొడుకు

రోకలికి కంకణం కట్టిన్రు.
మామిడాకు ఒకటి, పసుపుకొమ్ము ఒకటి,
రోలు మెడకు తెల్లదారం మూడు పేటలు.
ఐదుగురు ముత్తైదువలు చెయ్యి పెట్టాలె,
ఆరో చెయ్యి తగలొద్దు.
మా ఈదమ్మత్త చెయ్యి ఎప్పుడూ ఆరోదే.

మర్రిగూడ దిక్కు బోరింగు నీళ్ళు తాగిన కాళ్ళు
విల్లు లెక్క బయటికి వంగినయి.
పండ్ల మీద ఇటుకరంగు గీతలు.
వయసుల ఉన్నప్పుడు
ముగ్గురొచ్చి చూసి పోయిన్రంట.
మూడోసారి వచ్చినోళ్ళు ఛాయ్ గూడ ముట్టలే.
ఆ ముచ్చట ఆమెనే చెప్తది,
"ఐదు గిలాసలు మిగిలినయే, అన్నీ నేనే తాగిన" అని.

దంచుడు ఒడిసింది.
మొగోళ్ళను బయటికి తోలి
దర్వాజకు గొళ్ళెం పెట్టినంక
అందరి కండ్లు అత్త దిక్కే.

మా నాయిన దోతి, తమ్ముని నల్లద్దాలు,
బందయి రెండేండ్లయిన కాక చేతి గడియారం.
పొయ్యి మసిల ఆముదం కలిపి
కొసలు మెలితిప్పిన మీసం.
చేతికట్టె ఠక్కున నేలకు కొట్టి
"ఎవడురా ఈడ పిల్లనిచ్చేటోడు?"
చిన్నమ్మలు కొంగులు నోట్ల కుక్కుకున్నరు.
చిట్టెమ్మవ్వకు నవ్వి నవ్వి దగ్గు వడితే
వీపు రుద్దాల్సొచ్చింది.

కట్నం అడిగింది పెండ్లికొడుకు:
గంపెడు ఎండు తునకలు,
కాపు మీదున్న బత్తాయి చెట్లు రెండు,
బిందెడు తియ్యనీళ్ళు.
"బిందె సంగతి ముందుగాల తేల్చున్రి,
తక్కినయి మల్ల మాట్లాడుదం."

నన్ను పీట మీద కూసోవెట్టిన్రు.
ఆమెకు మోకాళ్ళు మడవరావు,
బోర్లేసిన గంప మీద ఎదురుంగ కూసుంది.
బంతిపూల చెండు ఇసురుకున్నం.
నేను ఇసిరింది పోయి రోట్ల పడ్డది.
"తల్లిగారింటి మీదనే ఉన్నది పానం" అన్నరెవరో.
నాకు నవ్వొచ్చింది, ఇంకోటి గూడ వచ్చింది,
తల వంచుకున్న.

ఇగ కడప కాడ ఆపిన్రు.
మొగని పేరు చెప్పంది దాటనియ్యరు,
ఉత్తగ చెప్పొద్దు, కట్టి చెప్పాలె.
పత్తి ఏరుకుంట చెల్కల నాకు నేర్పింది అత్తనే:

జొన్నచేనుకు మంచె అందం,
మంచెకు వడిసెల అందం,
వడిసెల వట్టిన చెయ్యి... శ్రీశైలం.

ఆయన వడిసెల ఎన్నడు వట్టిండు!
హైదరాబాదుల ఏసీలు బిగిస్తడు.
అయినా చప్పట్లు కొట్టిన్రు.

అప్పుడు మా అక్క బిడ్డ, ఆరేండ్లది,
దోతి కుచ్చిళ్ళు వట్టి గుంజింది:
"నువ్వు చెప్పు. నీ మొగని పేరేంది?"

గాజులు ఆగినయి.
ఒకామె పిల్ల నోరు మూయవోయింది.
రోట్ల పసుపు వాసన ఒక్కటే
ఇల్లంత తిరుగుతున్నది.

అత్త నల్లద్దాలు తీసింది.
మీసం ఎడమ కొస ఇంకింత పైకి మెలేసి
జర సోచాయించింది.

ఎండకాలం ముంజ అందం,
ముంజకు తాడి అందం,
తాడెక్క మోకు అందం,
మోకు లేకుండ ఎక్కిన మొగడు ఈదమ్మ.

నవ్వు ఆలస్యంగ లేసింది,
లేసినంక ఆగలే.
కట్టె ఊతతోని, ఒక్కొక్క కాలు ఎత్తేసి,
నాకంటె ముందే కడప దాటింది.

తెల్లారి నలుగు.
నా చేతులకు పూసి, కాళ్ళకు పూసి,
గిన్నె అడుగుల కొంచెం మిగిలింది.
ఎవరూ చూస్తలేరు.
ఆ మిగిలింది తీసి అత్త మూతికి రుద్దిన.
మీసం పోలే.
మసి పసుపుల కలిసి
దిగుడుబాయి పాకురు లెక్క పచ్చగైంది.
అద్దం అడిగింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"ఉండనియ్యే," అన్నది,
"పదకొండింటికి వాళ్ళ బస్సొస్తది గద.
పిల్లగాడు నాకంటె మంచిగున్నడో లేదో
పక్కపక్కకు నిలవడి చూస్త."

దోతి ఇంక ఇడువనేలే.